మా అత్తయ్య వేసిన మెరక

మా మేనత్త పోయారన్న కబురు మధ్యాహ్నం బడిలో ఉండగా వచ్చింది. తాడేపల్లిగూడెంలో నేను పాఠం చెప్పే గది కిటికీలోంచి చూస్తే, తలగుడ్డ చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా బురద ఎండిన కాళ్ళతో యాకోబు నిలబడి ఉన్నాడు. కొల్లేటి ఒడ్డున మా అత్తయ్య ఇంటికి పక్క గుడిసె అతనిది. రైలెక్కి మా ఊరు రావడం అతనికి అదే మొదటిసారి. పిల్లల్ని ఎక్కం చదువుకోమని చెప్పి బయటికి వచ్చాను.

"పంతులమ్మగారు పొద్దున్న లేవలేదండి," అన్నాడు. "మా ఆడది గంజి పట్టుకెళ్ళి పిలిచిందండి. పలకలేదు. నిద్దట్లోనే అయిపోయిందండి."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. బడి మెట్టు మీద కూర్చున్నాను. యాకోబు కొంచెం ఎడంగా నేల మీద కూర్చున్నాడు. లోపల పిల్లలు ఎక్కం పాడుతూనే ఉన్నారు. ఎవరూ వాళ్ళని ఆపలేదు.

మా అత్తయ్య గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయదగ్గ పనులని లోకం అనుకునేవి ఆవిడ చేయలేదు కూడా. నీళ్ళు నిలిచే నేల మీద తనకంటూ ఒక ఇల్లు కట్టుకోవాలని, దాని చుట్టూ నాలుగు మొక్కలు బతికించుకోవాలని చూశారు. ఆఖరి ఏళ్ళన్నీ ఆ పనిలోనే అయిపోయాయి. అది ఎంతవరకు వచ్చిందో, ఎలా వచ్చిందో దగ్గరుండి చూసినవాళ్ళలో రాయగలిగినదాన్ని నేనొక్కదాన్నే గనక, చదివేవారికి చెప్పుకుంటున్నాను.

చిన్న వయసులోనే భర్త పోతే, ఆవిడ చదువుకుని ఏలూరులో ఒక ఆడపిల్లల బోర్డింగు బడిలో పంతులమ్మగా చేరారు. పిల్లలు పడుకునే హాలు చివర చెక్కలు అడ్డం కొట్టి ఒక గది చేసి ఇచ్చారు. తల నెరిసేదాకా ఆ చెక్కల వెనకే ఉన్నారు. పొద్దున్న గంటకి లేవడం, పిల్లల తలలు దువ్వడం, పాఠాలు చెప్పడం, జ్వరం వచ్చినవాళ్ళ పక్కన కూర్చోవడం, మళ్ళీ గంటకి దీపాలు ఆర్పడం. పని నుంచి తప్పుకున్న రోజున బడి నడిపే దొరసానిగారు మెచ్చుకుని శాలువా కప్పారు. మర్నాడు ఆ గదిలోకి కొత్త పంతులమ్మ వచ్చింది. అందులో ఎవరి తప్పూ లేదు. గది బడిది.

అప్పటికే మా నాన్నగారు పోయారు. అత్తయ్యని మా ఇంటికే తీసుకొచ్చాను. మా వారు రైల్వేలో గుమస్తా. రెండు గదుల అద్దె ఇల్లు మాది.

"పెట్టె ఎక్కడ పెట్టనమ్మా?" అన్నారు వచ్చీ రాగానే.

"ఎక్కడైనా పెట్టండి అత్తయ్యా. మీ ఇల్లే గదా."

ఆవిడ ఆ రేకు పెట్టెని తలుపు పక్కన పెట్టారు. నాలుగు రోజులకి వంటింటి గోడ దగ్గరికి జరిపారు. తరవాత మంచం కిందికి. మళ్ళీ తలుపు పక్కకి. ఇలా కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, "మా నాన్న నా పేర రాసిన నేల ఒకటుండాలి. చూసొద్దామా?" అన్నారు.

ఏలూరు దాకా రైలు, పెదపాడు మీదుగా ఒంటెద్దు బండి, ఆ పైన నడక. మెరక పొలాలన్నీ మగపిల్లలకి ఇచ్చి, మా తాత కూతురికి ఇచ్చింది కొల్లేటి అంచున ఒక పల్లపు నేల ముక్క. వేసవిలో అక్కడ పశువులు తిరిగేవి. వానాకాలంలో చేపలు తిరిగేవి. మేం వెళ్ళేసరికి నేల బీటలు తీసి, పైన తెల్లగా చౌడు పొంగి ఉంది. కనుచూపు మేర కిక్కిస గడ్డీ, తుంగా తప్ప ఏమీ లేదు. పక్కనున్న సన్నని గట్టు మీద కొన్ని గుడిసెలు. వాటిలో చివరిది యాకోబుది, అతని భార్య మరియమ్మది.

మరియమ్మ చేపల బుట్ట దించి, మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఇక్కడ ఇల్లాండీ? నీళ్ళు ఇదిగోండి, నా నడుం దాకా వస్తాయి."

"అంతకంటే ఎత్తు చేద్దాం," అన్నారు అత్తయ్య.

"అంత మట్టి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

"కొల్లేరు అడుగున ఉన్నదంతా మట్టే గదమ్మా."

ఆ మాట నాకు భలే నచ్చింది. అప్పటికి నేను ఆ మట్టి మోసి ఎరగను.

ఆవిడ దాచుకున్న జీతం డబ్బుతో ఆ వేసవిలోనే మెరక వేయడం మొదలైంది. ధాన్యానికి ధర పడిపోయి పల్లెలన్నీ నీరసించిన ఏళ్ళవి. ఆసాములు పనికి పిలవడం మానేశారు. గట్టు మీది వాళ్ళంతా గంపలు పట్టుకుని అత్తయ్య పనిలోకి వచ్చారు. నీళ్ళు తీసిన చోట నల్లటి ఒండ్రు తవ్వి, గంపలకెత్తి, వరసగా మోసుకొచ్చి పొయ్యడం. బడి సెలవులు గనక నేనూ మోశాను. తడి మట్టి గంప కింది నుంచి కారి మొహం మీద పడేది. మెడ బిగుసుకుపోయి పక్కకి తిరిగేది కాదు. అత్తయ్య తెల్ల చీర కొంగు నడుముకి దోపి, అందరికీ మజ్జిగ పోస్తూ, మధ్యమధ్య తానూ ఒక గంప ఎత్తేవారు. ఎంత పని జరిగినా, ఎంత తక్కువ జరిగినా, పొద్దు వాలగానే చేతులు కడుక్కుని, "ఇవాళ్టికి ఇది చాలు," అనేవారు. బోర్డింగులో గంట కొట్టినట్టే ఉండేది ఆ మాట. కాని ఈ గంట ఆవిడ కొట్టుకున్నది.

కళ్ళమంత మెరక లేచింది. దాని మీద మట్టి గోడలు పెట్టించడం మొదలుపెట్టారు. ఒక వరస పెట్టి, అది ఆరాక ఇంకొక వరస. గుండెలెత్తు వచ్చేసరికి వానలు ముందుగా దిగాయి. ఎగువ ఏర్ల నీళ్ళన్నీ కొల్లేట్లోకి వచ్చిపడ్డాయి. కొత్త మెరక ఇంకా కుదురుకోలేదు. తూర్పు వైపు జారింది. జారుతూ గోడని తీసుకుపోయింది.

నేను దోనె మీద వెళ్ళేసరికి అత్తయ్య మరియమ్మ గుడిసె గుమ్మంలో గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా నీళ్ళలో ఒక నల్లటి ముద్ద, దాని మీద ఒక గోడ మొండెం.

"ఒక్కసారే పడలేదమ్మా," అన్నారు. "ముందు వంగింది. వంగి కాసేపు అలాగే నిలబడింది. నేనూ చూస్తూ నిలబడ్డాను."

"ఇంక చాలండి అత్తయ్యా. ఇంటికి రండి."

"ఏ ఇంటికి?"

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగారు. నా చెయ్యి పట్టుకుని అన్నారు: "నువ్వు బాగా చూస్తావు. నాకు తెలీదా? కాని అలిసిపోయినప్పుడు ఎవర్నీ అడక్కుండా కూర్చునే చోటు ఒకటి కావాలమ్మా. అరుగు మూరెడుంటే చాలు."

ఆ ఏడు మాతోనే వచ్చారు. మళ్ళీ వేసవి రాగానే వెళ్ళి మెరక ఇంకా ఎత్తూ, ఇంకా వెడల్పూ చేయించారు. పక్కలకి తుంగ నాటించారు. ఇల్లు మాత్రం కట్టలేదు. ఒక వానాకాలం మెరకని ఊరికే వదిలేశారు. "నిలబడుతుందో లేదో దాన్నే చెప్పనీ," అన్నారు. ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో రేకు పెట్టె తలుపు పక్కనే ఉంది. దాన్ని జరపలేదు, తెరిచి బట్టలు సర్దనూ లేదు. వాన పెద్దదైతే కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. కొల్లేరు అక్కణ్ణుంచి కనబడదు. అయినా ఆ వైపే చూసేవారు.

మెరక నిలబడింది. వేసవిలో గోడలు లేచాయి. ఉంగుటూరు వైపు నుంచి తాటి వాసాలు బండ్ల మీద వచ్చాయి. మధ్య నిట్రాట స్తంభం నిలబెట్టి, తాటాకు కప్పు వేశారు. ముందు గదీ, అరుగూ పూర్తయ్యాయి. వెనక గది గోడలు లేచాయి గాని, కప్పు పడలేదు. "వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. ఆ తరవాత ప్రతి ఏడూ అదే మాట అన్నారు. వానలు పడ్డాక పాస్టరుగారు దోనె మీద వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. అందరూ వెళ్ళాక అత్తయ్య తన పెట్టెని పడమటి గోడకి ఆనించి పెట్టి, కొంచెం వెనక్కి వెళ్ళి చూసుకున్నారు. మళ్ళీ దాన్ని అక్కణ్ణుంచి కదపలేదు.

ఇల్లు లేచింది గదా, ఇక ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. తోట పని దానికంటే కష్టమైంది. వంగ నారు నాటితే వారం రోజులు పచ్చగా ఉండి, ఆకు అంచులు కాలినట్టయి చచ్చిపోయేది. తవ్వించిన నూతిలో నీళ్ళు ఉప్పగా పడ్డాయి. తాగడానికీ, మొక్కలకీ కూడా కాలవ నీళ్ళు కుండలతో తేవలసిందే. అత్తయ్య ఎండిన నాచూ, పేడా, పొయ్యిలో బూడిదా కలిపి పాదుల్లో వేసేవారు. మునగ కొమ్మ పాతితే వేరు తన్ని చిగిర్చింది. వానల్లో వేళ్ళ దగ్గర నీరు ఊరి కుళ్ళిపోయింది. మళ్ళీ పాతారు. మళ్ళీ కుళ్ళింది. ఆనప పాదు మాత్రం ఏం దొరికిందో ఏమో కప్పంతా పాకింది. బచ్చలి దడి నిండా అల్లుకుంది. అరటి పిలకలు ఒకటి రెండు నిలదొక్కుకున్నాయి. చేమంతులు పూశాయి, చిన్నచిన్నవి.

పొద్దున్నే ఆవిడ చేతికర్ర పట్టుకుని వరసల వెంట నడిచేవారు. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క మొక్కనీ కర్రతో చూపిస్తూ, "నువ్వున్నావు, నువ్వున్నావు," అనుకుంటూ వెళ్ళేవారు. ఎండిపోయిన దాని దగ్గర ఆగి, "నువ్వు లేవు," అని, దాన్ని పీకి, ఆ చోట ఇంకొకటి పెట్టేవారు. ఒకసారి నేను నవ్వితే, "నవ్వకమ్మా, లేనివాళ్ళ చోటు ఖాళీగా ఉంచితే గడ్డి వచ్చి కూర్చుంటుంది," అన్నారు.

అలా రెండు మూడేళ్ళు గడిచి, తోట కంటికి ఆనుతుందనుకునే వేళకి ఒక పెద్ద వరద వచ్చింది. నీళ్ళు గట్టు దాటి గుడిసెల్లోకి వచ్చాయి. చుట్టుపక్కల నీళ్ళపైన ఉన్న నేల అత్తయ్య మెరక ఒక్కటే. మరియమ్మ తరవాత నాకు చెప్పింది: జనమంతా పిల్లల్నీ, మూటల్నీ, గేదెల్నీ పట్టుకుని మెరక కిందికి వచ్చి, దడి బయట నీళ్ళలో నిలబడ్డారట. లోపలికి రావడానికి ఎవరికీ నోరు రాలేదు. మొక్కల మీద ఆవిడ ప్రాణం పెట్టుకున్న సంగతి అందరికీ తెలుసు.

"ఏవండీ పంతులమ్మగారండీ, పిల్లల్ని మట్టుకు అరుగు మీద కూర్చోబెట్టుకోమంటారా?" అని యాకోబు అడిగాడట.

"పిల్లలేమిటి, అందరూ పైకి రండి."

"గేదెలండీ?"

అత్తయ్య ఒకసారి మొక్కల వరసలకేసి చూశారట. తరవాత తానే వచ్చి దడి కట్లు విప్పి పక్కకి లాగి, "తోలుకురండి. అవి మాత్రం ఎక్కడికి పోతాయి?" అన్నారట.

నీళ్ళు తీసేదాకా వాళ్ళంతా అక్కడే ఉన్నారు. కప్పు లేని వెనక గది మీద చాపలు కట్టుకుని అందులో సర్దుకున్నారు. పశువులకి మేత లేదు. అరటి పోయింది. బచ్చలి పోయింది. చేమంతులు డెక్కల కింద పోయాయి. గేదెలు వీపులు రుద్దుకుంటే అరుగు మూల విరిగింది. నేను బియ్యం మూట వేసుకుని దోనె మీద చేరేసరికి, మెరకంతా పేడా, బురదా. పచ్చటిదన్నది ఒక్క ఆకు లేదు. అత్తయ్య విరిగిన అరుగు మీద కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"హాజరు పిలవక్కర్లేదమ్మా ఇవాళ," అన్నారు నన్ను చూసి.

జనం ఎవరి గుడిసెలకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ లేవలేదు. మరియమ్మ గంజి తెస్తే తాగేవారు. కూర్చున్న చోటనే కునుకు తీసేవారు. ఎన్నో రోజులు అలాగే ఉన్నారు. నాకు భయం వేసి, "కోపం వచ్చిందా అత్తయ్యా, వాళ్ళ మీద?" అని అడిగాను.

"వచ్చింది. ఎవరి మీదో తెలియడం లేదు. గేదె మీద కోపగించుకుంటామా?" అన్నారు. "రమ్మన్నది నేనే. రమ్మన్నందుకు నాకు విచారం లేదు. మొక్కలు పోయినందుకు ఉంది. రెండూ ఉండకూడదా?"

ఉండకూడదని నేనెలా అంటాను? పక్కన కూర్చున్నాను.

గట్టు మీది వాళ్ళు తరవాత ఒకరొకరే వచ్చారు. యాకోబు అరుగు మూల మెత్తి అలికాడు. ఒకావిడ గోంగూర విత్తనాలు తెచ్చింది. ఇంకొకాయన ఎక్కణ్ణుంచో అరటి పిలకలు మోసుకొచ్చాడు. మట్టి జారిన చోట కొందరు గంపలతో ఒండ్రు తెచ్చి పోశారు. అందరూ రాలేదు. అన్నిటికంటే ఎక్కువ తిన్న గేదె ఎవరిదో ఆ మనిషి అసలు ఆ ఛాయలకే రాలేదు. "ఆయన రాలేదు గాని, గేదె మళ్ళీ వచ్చిందమ్మా," అన్నారు అత్తయ్య. వరద తరవాత ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆవిడ మళ్ళీ పనిలోకి దిగారు. కాని ఇదివరకటి మనిషి కారు. వేళ్ళ కణుపులు వాచిపోయి, కుండ ఎత్తలేకపోయేవారు. కొంచెం తవ్వి, చాలాసేపు కూర్చునేవారు. కూర్చోవడానికి అరుగు ఉంది గదా అనుకునేదాన్ని. కిందటి వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు బొప్పాయి చెట్టు మొదటిసారి కాసింది. ఆవిడే దించి కోశారు. రంగు బాగానే ఉంది. నోట్లో పెట్టుకుంటే తీపి లేదు, చప్పగా, అడుగున కొంచెం ఉప్పగా ఉంది. నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూశారు.

"చప్పగా ఉంది గదూ?"

"చప్పగానే ఉందండి."

"అయినా పండే," అని, తొక్క దాకా తిన్నారు. నేనూ తిన్నాను.

ఇంకెంత పని మిగిలిందని ఆ సాయంత్రం అడిగాను. వెనక గదికి కప్పు వేయాలి, నూతికి గట్టు కట్టాలి, పడమటి వైపు మట్టి పోయించాలి అని చెప్పుకొచ్చారు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "ఉందమ్మా, ఇంకా ఉంది," అన్నారు. అవే నేను విన్న ఆఖరి మాటలు. మర్నాడు నేను బయల్దేరేటప్పుడు ఆవిడ నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో పోయారు గనక, సమాధుల దొడ్డి ఆరి ఉంది. యాకోబూ, గట్టు మీది మగవాళ్ళూ మోశారు. బోర్డింగులో ఆవిడ తలలు దువ్విన పిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులు, ఏలూరు నుంచి కొందరు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ ఇంటి చుట్టూ తిరిగి చూసి, "ఇంత దూరం వచ్చి ఇక్కడెందుకు కట్టుకున్నారండీ?" అని మెల్లగా అడిగింది. అరుగు చూపించి, "కూర్చోండి," అన్నాను. కూర్చుంది. గాలి వస్తోంది. చాలాసేపు కూర్చుంది.

నేను బయల్దేరేనాడు మరియమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తాళం వేసుకుంటారాండీ?"

తలుపుకి తాళం లేదు. తాటాకు తడికే. అత్తయ్య ఎన్నడూ అది మూసి ఎరగరు. వరదకి నానిన మరియమ్మ గుడిసె ఒక పక్కకి ఒరిగిపోయి, గుంజల ఆసరాతో నిలబడి ఉంది. మళ్ళీ వానలకి అది ఉండదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

"మీరొచ్చి ఉండండి మరియమ్మా. నువ్వూ, యాకోబూ."

మరియమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత లోపలికి తొంగి చూసి, "వెనక గది కప్పుకోవచ్చాండీ?" అంది.

"కప్పుకోండి."

సాయంత్రం దోనె ఎక్కాను. ఆ నేల అంతా చదును. అడ్డం వచ్చే చెట్టూ లేదు, గుట్టా లేదు. ఎంత దూరం పోయినా వెనక్కి తిరిగితే ఇల్లు కనబడుతుంది. ఆనప తీగ పచ్చగా ఒక పక్క, దాని మీదుగా తాటాకుల సందుల్లోంచి సన్నగా పొగ. మరియమ్మ అప్పుడే పొయ్యి వెలిగించినట్టుంది. నాకు మెడ నొప్పి పుట్టి ముందుకి తిరిగి కూర్చున్నాను. మనసొప్పక మళ్ళీ చూశాను. ఇల్లు చిన్నదైంది. పొగ మాత్రం నీళ్ళ మీదుగా పడమటికి సాగి, చీకటి పడేదాకా కనబడుతూనే ఉంది.